మా డాబా మీద చెరువు

మాది తాడేపల్లిగూడెంలో ఇనుప సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండింటికీ కలిపి పైన ఒకటే డాబా. కొట్టుకి మావారు యజమాని. ఇంటికి మా అత్తగారు యజమాని. మధ్య తలుపు దగ్గర నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగంలో నాకు గొంతు పెరిగిందే తప్ప హోదా పెరగలేదు.

ఊళ్ళో ఎవరి ఇల్లు కురిసినా ముందు మా కొట్టుకే వస్తారు. మావారు వాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎక్కడ కారుతోందండీ? గోడ వారనా, నడిమధ్యనా? వాన పడుతుండగానే కారుతోందా, వెలిశాక కారుతోందా?" అని నెమ్మదిగా అడుగుతారు. వాళ్ళు చెప్పేది కళ్ళు మూసుకుని వింటారు. తర్వాత లేచి వెళ్ళి అరలోంచి ఒక డబ్బా తెచ్చి కౌంటరు మీద పెడతారు. ఆ పెట్టడంలో ఎంత ధీమా ఉంటుందంటే, వచ్చినవాళ్ళు ఇంకో ప్రశ్న వేయకుండా పుచ్చుకుని వెళ్ళిపోతారు. నిజానికి మావారు జీవితంలో తాపీ పట్టుకుని ఎరుగరు. "డబ్బా మీద అంత వివరంగా రాశాక ఇంకా నేర్చుకోవడానికేముంది?" అనేది ఆయన సిద్ధాంతం.

ఇంత పేరున్న మనిషి ఇల్లు కురుస్తుంది. అదీ మా అత్తగారి గదిలోనే కురుస్తుంది.

ఆ గది గురించి చెప్పాలి. దాని కిటికీ బజారు వైపుకి ఉంటుంది. ఉల్లిపాయల లారీలు మా వీధిలోంచే మార్కెట్టుకి వెళతాయి. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఏ హమాలీ ఎవరితో గొడవపడ్డాడు, ఎదురు కొట్టువాళ్ళ కోడలు ఏ చీర కట్టుకుని బయటికి వెళ్ళింది, అన్నీ అత్తగారికి మంచం మీదనుంచే తెలుస్తాయి. కాలు విరిగి వాకర్ పట్టుకున్నాక ఆవిడ గడప దాటడం మానేశారు. ఊరే ఆ కిటికీ దగ్గరికి వచ్చి ఆవిడకి కనిపించి పోతుంది. కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడని వీధిలోంచి పలకరించకుండా ఎవరూ వెళ్ళరు. ఆ పలకరింపులే ఆవిడకి తిండీ మందూ.

వానాకాలం వచ్చేసరికి మావారు నసుగుతూ ఒక మాట అనేవారు. "వానలు తగ్గేదాకా అక్క దగ్గర ఉండకూడదా అమ్మా?"

అక్క అంటే మా ఆడపడుచు. జంగారెడ్డిగూడెంలో పెద్ద ఇల్లు, మంచి మనిషి, తల్లిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది. కానీ ఆ ఇంటి కిటికీ తెరిస్తే పామాయిల్ తోట తప్ప ఇంకేమీ కనపడదు.

"అక్కడ నేనెవరితో మాట్లాడాలిరా, గెలలతోనా?" అనేవారు అత్తగారు. "అయినా నేనటు వెళ్ళగానే నువ్వు ఇటు ఈ గదిలో మేకుల బస్తాలు దింపుతావు. తిరిగొచ్చాక నన్ను ఏ అరలో పెడతావు?"

ఇది ఉత్త అనుమానం కాదు. మా కొట్టుకి గోడౌను చాలదు. సరుకు పెట్టడానికి మావారు వంటింటి అటక దగ్గర్నుంచి దేవుడి గూడు కింది ఖాళీదాకా అన్నీ వాడేశారు. ఒక్క ఆ గది మాత్రమే మిగిలింది. ఒకసారి బస్తాలు దిగాయంటే అవి మళ్ళీ లేవవని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఎంత కారినా ఆవిడ గది వదల్లేదు. ఒక మూల కారితే మంచం ఇంకో మూలకి జరిపించుకునేవారు. అక్కడా కారితే మధ్యకి. గిన్నెలు, చెంబులు, బకెట్లు నేల మీద పరిచి, వాటి మధ్యనుంచి వాకర్ తోసుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు.

"మేస్త్రీని పిలవండి" అని నేను చెప్పి చెప్పి అలసిపోయాను.

"నీకు వ్యాపారం తెలీదు" అనేవారు మావారు. "పొద్దున్న లేస్తే ఊళ్ళోవాళ్ళ డాబాలకి నేను మందు చెబుతున్నాను. నా డాబా మీదకే మేస్త్రీ ఎక్కాడంటే రేపు మన కొట్టు మెట్లు ఎవడు ఎక్కుతాడు?"

దాంతో మా డాబాకి దొంగచాటు వైద్యం జరిగేది. ఆదివారం పొద్దున్నే, బజారు ఇంకా లేవకముందు, మావారు నెత్తికి తువ్వాలు చుట్టుకుని పైకి ఎక్కేవారు. పోనీ ఆ వైద్యమైనా మంచి మందుతోనా అంటే, అదీ లేదు. వర్తకుల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. మంచి సరుకు బేరానికి, అమ్ముడుపోనిది ఇంటికి. మా పుట్టింట్లోనూ అంతే, ఇక్కడా అంతే. మా ఇంట్లో ఏ బకెట్టుకీ సరైన చెయ్యి ఉండదు. హాలుకి ఒక రంగు, వరండాకి ఒక రంగు, వంటింటికి ఊళ్ళో ఏ ఒక్కరూ కొనడానికి ఒప్పుకోని రంగు. డాబాకీ అదే మర్యాద జరిగింది. సగం గట్టిపడిన పేస్టులు, ఎలుకలు కొరికిన తారుషీట్లు, గడువు దాటిపోయిన తెల్లరంగు, ఏ ఏటి సరుకు ఆ ఏడు పైకి చేరేది. పూసి దిగాక మే నెల ఎండలో నన్ను ఆ గదిలోకి పిలిచి, "చూడు, ఒక్క చుక్కైనా ఉందా?" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

జూన్ రాగానే చుక్క తన దారి తాను వెతుక్కునేది. ఇక్కడ మూస్తే అక్కడ, అక్కడ మూస్తే ఇంకోచోట.

ఇలా ఉండగా మా తమ్ముడు దిగాడు. వాడిది కలిదిండిలో చేపల మేత వ్యాపారం. మేతతోపాటు చెరువులకి కావలసిన వలలు, తాళ్ళు, మందులు, షీట్లు కూడా అమ్ముతాడు. వాడికీ మావారి జబ్బే. చెరువులోకి కాలు పెట్టి ఎరగడు కానీ, రొయ్య ఎందుకు నీరసంగా ఉందో కొట్టులో కూర్చుని ఫోన్‌లో చెప్పేస్తాడు. బావాబావమరుదులిద్దరూ కలిస్తే వాళ్ళకి తెలియని పని భూమ్మీద ఉండదు.

వాడు వచ్చిన రోజు వాన పడుతోంది. అత్తగారి గదిలో గిన్నెలు చూసి జాలిపడి, కాఫీ తాగుతూ ఒక్కసారిగా కప్పు కింద పెట్టాడు.

"బావగారూ, మా దగ్గర రొయ్యల చెరువులో పరిచే నల్లషీటు ఉందండి. ఒక రైతు ఆర్డరిచ్చి మానేశాడు. చెరువులో నీళ్ళు చుక్క కిందకి దిగనివ్వదది. అలాంటిది డాబా మీద పరిస్తే వాన చుక్క ఎలా దిగుతుందండీ?"

మావారి మొహం వెలిగిపోయింది. "చూశావా మీ తమ్ముడు" అన్నారు నాతో. వాడు పుట్టినప్పట్నుంచీ నేను చూస్తూనే ఉన్నానని నేను అనలేదు.

ఆ పై ఆదివారానికి షీటు వచ్చింది. ఇద్దరూ లుంగీలు ఎగ్గట్టి పైకెక్కారు. మా తమ్ముడు చెరువుల దగ్గర షీటు పరవడం చాలాసార్లు చూశాడు. ఎలా చూశాడో అలాగే పరిచాడు. చెరువుకైతే షీటు నేల మీద పరిచి, గట్టు మీదిదాకా లాగి, గాలికి లేవకుండా పైన ఇసుక బస్తాలు పెడతారు. వీడూ అంతే. డాబా అంతా పరిచి, పిట్టగోడ మీదిదాకా నాలుగు వైపులా లాగి, పైన ఇసుక మూటలు వరసగా పేర్చాడు. నీళ్ళు పోయే గొట్టం కూడా షీటు కిందకి వెళ్ళిపోయింది.

నేను టిఫిను పైకి పట్టుకెళ్ళి ఆ సంబరం చూశాను. "ఒరేయ్, గొట్టం మూసేశావు. నీళ్ళెలా పోతాయిరా?" అన్నాను.

"షీటు కిందకి నీళ్ళు వస్తే కదా అక్కా, గొట్టంలోంచి పోవడానికి?" అన్నాడు వాడు.

మావారు పెసరట్టు నములుతూ నా వంక జాలిగా చూసి నవ్వారు. ఇద్దరు వ్యాపారస్తుల మధ్య నా ప్రశ్న అలా తేలిపోయింది. అల్లం పచ్చడి ఇంకొంచెం తెమ్మన్నారు, తెచ్చాను.

ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. పొద్దున్న మొదలైన వాన సాయంత్రమైనా ఆగలేదు. అత్తగారి గదిలో ఒక్క చుక్క లేదు. మావారు కొట్టుకీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. మా తమ్ముడికి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. కొట్టుకొచ్చిన వాళ్ళతో, "కొత్త పద్ధతండీ, ఇంకా మార్కెట్లోకి రాలేదు" అని గొప్పగా చెప్పారు. అత్తగారు గిన్నెలన్నీ తీయించి, మంచం కిటికీ పక్కకి జరిపించుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆవిడ అంత నిశ్చింతగా కూర్చోవడం చూసి, పోనీలే, అప్పుడప్పుడూ ఈ పిచ్చివాళ్ళకీ మంచి ఆలోచన తడుతుంది అనుకున్నాను. అంత తొందరగా అనుకుని ఉండకూడదు.

వాన వెలిసిన మర్నాడు బట్టలు ఆరేయడానికి పైకెళ్ళి తలుపు తీశాను. డాబా లేదు. చెరువు ఉంది. నీళ్ళు నల్లగా, నిండుగా, గాలికి అలలు కొడుతూ ఉన్నాయి. పిట్టగోడ మీద ఒక కొంగ నిలబడి నీళ్ళలోకి తలవంచి చూస్తోంది. నన్ను చూసి కూడా ఎగిరిపోలేదు. కొల్లేటి నుంచి ఇంతదూరం వచ్చాక ఆ మాత్రం హక్కు దానికి ఉందనుకుంది కాబోలు.

నా కేకకి మావారు పరుగెత్తుకొచ్చారు. చూశారు. ఆయన మొహంలో ముందు కనిపించింది భయం కాదు, గర్వం. "చూశావా, ఎంత నీరు నిలబడినా కిందకి దిగలేదు" అన్నారు.

"కిందకీ దిగదు, బయటికీ పోదు. ఇప్పుడేం చేద్దామండీ?"

మా తమ్ముడికి ఫోన్ కలిపాం. షీటు కోసేసి గొట్టానికి దారి ఇద్దామంటే వాడు ఏడ్చినంత పని చేశాడు. "కొయ్యకండి బావగారూ. ఒక్క కోత పడిందంటే మళ్ళీ ఎవడూ కొనడు" అన్నాడు. అంటే మా నెత్తి మీద పరిచిన సరుకుని మళ్ళీ అమ్ముకునే ఉద్దేశం వాడికి ఉందన్నమాట. తోటి వర్తకుడి బాధ మావారికి వెంటనే అర్థమైంది. కోయడానికి వీల్లేదన్నారు. ఎండకి అదే ఎండిపోతుందన్నారు. ఎండ వచ్చినట్టే వచ్చి పోయేది, మళ్ళీ జల్లు పడేది, చెరువు నిండేది. మధ్యలో మావారూ నేనూ బకెట్లతో తోడి పిట్టగోడ మీంచి సందులోకి పోసేవాళ్ళం.

దాంతో రహస్యం వీధికెక్కింది. పక్కింటాయన కింద నిలబడి, తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఏం పిల్ల వేశారండీ? వనామీ రొయ్యా, బొచ్చె చేపా? పట్టుబడి ఎప్పుడండీ, కాస్త ముందుగా చెప్పండి."

మావారు వినపడనట్టు తోడుతూనే ఉన్నారు. నాకు నవ్వాగలేదు. ఆయన నావంక చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత జరిగింది నవ్వులాట కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారికి వంటింట్లో అన్నం పెట్టాను. గోంగూర పచ్చడి బాగుందని మారు వడ్డించమన్నారు. వడ్డిస్తుండగా ఇల్లదిరినట్టు చప్పుడైంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే గది నిండా దుమ్ము. పైకప్పు నుంచి తలుపురెక్కంత పెచ్చు ఊడి మంచం మీద పడి ఉంది. ఆవిడ తలగడ దాని కింద ఉంది. పైన తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. ఏళ్ళ తరబడి లోపల నానుతూ వచ్చిన తడి, షీటు కింద ఆరే దారి లేక మిగిలిపోయిన తేమ, దాని మీద చెరువెడు బరువు. ఆ గోంగూర పచ్చడి బాగుండబట్టి సరిపోయింది.

అత్తగారు వాకర్ తోసుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగారు. మావారూ కొట్టులోంచి వచ్చారు. ఆవిడ తలగడ వంక చూశారు, కిటికీ వంక చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వెనక్కి తిరిగి హాల్లో కుర్చీలో కూర్చుని, మామూలు గొంతుతో అడిగారు.

"జంగారెడ్డిగూడెం బస్సు ఎన్నింటికిరా?"

ఎంత బతిమాలినా ఆ గది వదలనన్న మనిషి తనంతట తాను ఆ మాట అన్నారు. నాకు దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి పట్టుకుని డాబా ఎక్కి, గొట్టం ఉన్నచోట షీటుని పొడిచి చీరేశాను. నీళ్ళన్నీ ఒక్క ఉదుటున గొట్టంలోంచి సందులోకి దూకాయి. పక్కింటాయన స్కూటరు సీటుతో సహా మునిగింది. ఆయన బయటికి వచ్చి, చేతిలో కత్తితో నన్ను చూసి, పట్టుబడి సంగతి అడక్కుండా లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తగారిని బస్సులో ఏం పంపుతామని కారు మాట్లాడి మావారే దిగబెట్టి వచ్చారు. తిరిగొచ్చాక కొట్టు తెరవలేదు. ఆ గది గుమ్మంలో కూర్చున్నారు. కిటికీలోంచి ఎవరో, "అమ్మగారు లేరాండీ?" అని అడిగారు. మళ్ళీ ఇంకెవరో అడిగారు. ప్రతివాళ్ళకీ ఆయన, "అక్క దగ్గరికి వెళ్ళిందండీ" అని చెప్పారు. చీకటి పడేసరికి ఆ సమాధానం చెప్పలేక లేచి కిటికీ మూసేశారు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడ దిగిపోయింది.

మర్నాడు కొట్టులో బేరాలు నిండుగా ఉన్నప్పుడు, అందరూ వింటుండగా, కౌంటరు దగ్గర నిలబడి మేస్త్రీకి ఫోన్ చేశారు. "మా డాబా కురుస్తోందండీ. మీరొచ్చి చూడాలి" అన్నారు. డబ్బా పుచ్చుకుంటున్న ఒకాయన దాన్ని నెమ్మదిగా వెనక్కి జరిపాడు. మావారు అది చూశారు, చూసి కూడా ఫోన్ పెట్టలేదు.

మేస్త్రీది పెదపాడు. ఏలూరులో పెద్ద పెద్ద బిల్డింగులు తనే కట్టానని వచ్చీ రాగానే చెప్పాడు. మెడలో గొలుసు, వేళ్ళకి ఉంగరాలు, నోట్లో ఎప్పుడూ సొంత గొప్పలు. పదింటికి వస్తానంటే పన్నెండింటికి వచ్చేవాడు. డాబా ఎక్కి, ఒక్కొక్క పొరా గడ్డపారతో ఎత్తి చూసి, "ఎవరండీ ఈ పని చేసింది?" అన్నాడు.

"ఎవరో..." అన్నారు మావారు.

"వీరేనండీ" అన్నాను నేను.

"ఆయ్, మీ పని బాగానే ఉందండి" అన్నాడు మేస్త్రీ తడుముకోకుండా. "డాబాయే కలిసి రాలేదండి."

వాడి మనుషులు ఆ పొరలన్నీ గీకి, గోనెసంచుల్లో కట్టి దింపారు. తారు, పేస్టు, తెల్లరంగు, మళ్ళీ తారు. మా కొట్టులో అమ్ముడుపోని సరుకు చరిత్రంతా వీధి పక్కన కుప్పపడింది. లోపల చువ్వలకి తుప్పు రుద్ది, మందు పూసి, ఊడినచోటల్లా గట్టిగా నింపారు. పైన పగుళ్ళు పూడ్చారు. ఆ తర్వాత అసలు పనికి మేస్త్రీ నీళ్ళు దిగకుండా సిమెంటులో కలిపే ఒక రకం మసాలా కావాలన్నాడు. మావారు హుషారుగా తమ అరలోంచి డబ్బా తెచ్చారు.

"ఇది నేను వాడనండి. ఎదురు కొట్లో ఉంటదండి, నేను చెప్పింది" అన్నాడు మేస్త్రీ.

ఎదురు కొట్టుదీ మా వ్యాపారమే. వాళ్ళకీ మాకూ మాటలున్నాయి కానీ, అవి పండక్కీ పెళ్ళికీ మాత్రమే. నేను వెళ్ళనా అన్నాను. వద్దని మావారే చొక్కా వేసుకుని రోడ్డు దాటారు. మా గుమ్మంలోంచి నాకంతా కనిపిస్తోంది. ఎదురు కొట్టాయన ఆయన్ని ఎంతో ఆదరంగా స్టూలు మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా ఏదో అడగడం మొదలుపెట్టాడు. ఎక్కడ కారుతోందండీ, గోడ వారనా, నడిమధ్యనా అనే అయి ఉంటుంది. మావారు తలవంచుకుని అన్నిటికీ జవాబు చెప్పి, డబ్బా చంకలో పెట్టుకుని వచ్చారు. ఆ రోజు ఆయనకి ఇష్టమని గుత్తివంకాయ చేశాను.

మేస్త్రీ మీద నాకు గౌరవం ఉందా అంటే, మనిషి మీద లేదు. పని సగంలో ఉండగా మేనకోడలి ఓణీల ఫంక్షనని మాయమయ్యాడు. వాన రాదని పందెం కాసినంత ధైర్యంగా చెప్పిన రోజునే వాన దంచి కొట్టింది. కానీ పని దగ్గర మాత్రం వాడు వేరే మనిషి. కొత్త పూత వేసి, నీళ్ళ వాటం చూడటానికి చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళన్నీ జారి గొట్టం వైపు వెళ్ళాయి. ఒక మూల మాత్రం సాసరులో పట్టేటన్ని నిలిచాయి. వాడు గొంతుక్కూర్చుని వాటినే చూశాడు. తర్వాత ఆ మూల మొత్తం పగలగొట్టమన్నాడు. పనివాళ్ళు గొణిగారు, మధ్యాహ్నమంతా చేసిన పని.

"కాసిని నీళ్ళే కదండీ, ఎండకి ఎండిపోతాయి" అన్నారు మావారు.

"ఎండేలోపు మీ శ్లాబు తాగేస్తదండి" అని వాడు లేచి, చేతిలోని చెంబు నాకిచ్చి, టీ పెట్టమన్నాడు.

అది చూశాక నాకు ఒకటి బాగా అర్థమైంది. మా ఇంట్లో ఇన్నేళ్ళూ పని జరిగింది డాబా బాగుపడటానికి కాదు, పని అయిపోయిందని అనుకోవడానికి. పూశాం, దిగాం, చేతులు కడుక్కున్నాం. పూసినదాన్ని తిరిగి చూసి, బాగాలేదని తనే పగలగొట్టుకునే ఓపిక మాకెవరికీ లేదు. ఆ ఓపిక ఉన్నవాడికి గొలుసుంటే ఏం, గొప్పలు చెప్పుకుంటే ఏం?

మావారికీ ఒక విజయం దక్కింది. పాత గొట్టం మరీ సన్నగా ఉందని, దాని స్థానంలో లావుపాటిది వేసి, ఆకులు పడకుండా పైన జాలీ పెట్టాలని ఆయన అన్నారు. మేస్త్రీ కాసేపు వాదించి ఒప్పుకున్నాడు. పైపుల సంగతి ఆయనకి నిజంగా తెలుసు. జాలీ మా కొట్టులోదే, మంచి సరుకు, బేరానికి పెట్టింది. దాన్ని ఇంటికి వాడటం మా వంశంలో అదే మొదలు.

చివరికి మేస్త్రీ గొట్టానికి గుడ్డ కుక్కి, డాబా నిండా నీళ్ళు పెట్టాడు. అది చూసి మావారి మొహంలో రంగు పోయింది. సరిగ్గా ఆ రోజే మా తమ్ముడు క్షమాపణ చెప్పుకోవడానికి మిఠాయి పొట్లంతో వచ్చాడు. పైకెక్కి నీళ్ళు చూసి పొంగిపోయాడు.

"నేను చేసిందీ ఇదే కదండీ" అన్నాడు.

"మీరు నీళ్ళు పెట్టి మరిచిపోయారండి" అన్నాడు మేస్త్రీ. "నేను పెట్టి, కిందకెళ్ళి చూస్తాను, తీసేస్తాను."

ఈ మధ్యలో కొట్టుకి సరుకు వచ్చింది. పెట్టడానికి చోటు లేదు. హమాలీలు అత్తగారి గది ఖాళీగా ఉండటం చూసి బస్తా భుజానెత్తుకుని అటు నడిచారు. మావారు అడ్డంగా నిలబడి వరండాలో దింపమన్నారు. ఆ బస్తాలు తగిలి ఇంట్లో అందరి కాలివేళ్ళూ వాచాయి. ఎవరం ఒక్క మాట అనలేదు.

అత్తగారు రోజూ ఫోన్ చేసేవారు. లారీల సంగతి అడిగేవారు, ఎదురు కొట్టువాళ్ళ కోడలి సంగతి అడిగేవారు. డాబా సంగతి మాత్రం ఎత్తేవారు కాదు. పని అయిందని, ఇక రమ్మని నేనే అన్నాను.

"వాన పడనీ అమ్మాయ్. పడ్డాక కారలేదని నువ్వు చెప్పు, వస్తాను. వాడు చెబితే రాను" అన్నారు.

వాన పడింది. కారలేదు. చెప్పాను. కారు దిగగానే ఆవిడ ముందు కిటికీ తెరిపించారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పెద్ద వాన వచ్చింది. అత్తగారు మంచం మీద, నేను కింద చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ. మావారు కొట్టు వదిలేసి ఆదరాబాదరాగా వచ్చారు. పైకప్పు అంతా చూశారు. చూడటానికి ఏమీ లేదు. మంచం జరపక్కర్లేదు, గిన్నె పెట్టక్కర్లేదు. ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి, తల్లి పక్కన మంచం మీద కూర్చున్నారు. "కాలు నొప్పి తగ్గిందా అమ్మా?" అని అడిగారు. ఆవిడ కాలు చేతుల్లోకి తీసుకుని కాసేపు నొక్కారు. కొట్టులో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళారు.

అత్తగారు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. నేను చిక్కుళ్ళు పూర్తిచేసి లేవబోతుంటే అన్నారు.

"ఇన్నేళ్ళనుంచీ వానొస్తే వాడు ఈ గదిలోకి వచ్చేవాడు, పైకి చూసి వెళ్ళిపోయేవాడు. నేనీ మంచం మీద ఉన్నానని వాడికి ఇవాళ తెలిసింది అమ్మాయ్."